అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ బాకీ పడితే ఏమవుతుంది, అందులోంచి ఎలా బయటపడాలి

మా అపార్ట్‌మెంట్ నల్లగొండలో, హైదరాబాద్ రోడ్డు వైపు. పన్నెండు ఫ్లాట్లు, ఒక లిఫ్ట్, ఒక బోరు, ఒక సంపు, అంతే. ఐదేళ్ళ కింద నా షాపు నడవక పద్నాలుగు నెలలు మెయింటెనెన్స్ కట్టలేకపోయాను. తర్వాత మొత్తం తీర్చాను. ఆ తర్వాత రెండేళ్ళు అదే అసోసియేషన్‌కు ట్రెజరర్‌గా లెక్కలు రాశాను. బాకీ పడ్డవాడికి రాత్రి నిద్ర ఎందుకు పట్టదో తెలుసు, వసూలు చేసేవాడు పక్కింటి తలుపు కొట్టడానికి ఎంత ఇబ్బంది పడతాడో కూడా తెలుసు. ఇప్పుడు నల్లగొండ, మిర్యాలగూడ, సూర్యాపేట, మహబూబ్‌నగర్ అన్నిచోట్లా అపార్ట్‌మెంట్లు లేస్తున్నాయి, ఇండిపెండెంట్ ఇళ్ళలో పెరిగిన మనకు ఈ నెలనెలా కట్టే పద్ధతి కొత్త. అందుకే తెలిసింది తెలిసినట్టు రాస్తున్నాను.

ముందు ఆ పైసలు ఎటు పోతాయో చూడండి, ఎందుకంటే బాకీ పడ్డప్పుడు మనకు అందరికీ వచ్చే మొదటి ఆలోచన "నా ఒక్కడి పదిహేను వందలతో వాళ్ళకు ఏం ఆగుతుంది" అనేదే. మా దగ్గర ఫ్లాట్‌కు 1,500. పన్నెండు ఫ్లాట్లకు 18,000. అందులో వాచ్‌మన్ జీతం 9,000, కామన్ మీటర్ కరెంటు బిల్లు సుమారు 4,200, లిఫ్ట్ ఏఎంసీ (ఏడాదికి చేసుకునే మెయింటెనెన్స్ ఒప్పందం) నెలకు లెక్కేస్తే 2,500, బ్లీచింగ్, ఫినాయిల్, బల్బులు, డ్రైనేజీ తీయించడం కలిపి 1,300. మొత్తం 17,000. మిగిలేది వెయ్యి రూపాయలు. ఒక్క ఫ్లాట్ ఆగితే నెలకు 500 లోటు, రెండు ఫ్లాట్లు ఆగితే 2,000 లోటు. ఎండాకాలంలో బోరు తగ్గి ట్యాంకర్లు తెప్పించే నెలల్లో అయితే ఈ లెక్క కూడా సరిపోదు. యాభై వంద ఫ్లాట్లున్న హైదరాబాద్ గేటెడ్ కమ్యూనిటీలో ఒకరు కట్టకపోతే తెలియదేమో గానీ, మన ఊళ్ళలో పది పదిహేను ఫ్లాట్ల బిల్డింగుల్లో వెంటనే తెలుస్తుంది.

నేను బాకీ ఉన్న ఏడాదిలోనే ఇంకో రెండు ఫ్లాట్లు కూడా ఆపాయి. లిఫ్ట్ ఏఎంసీ రెన్యువల్‌కు డబ్బు లేక, అది చెడిపోయినప్పుడు మూడు వారాలు అట్లనే ఉండిపోయింది. నాలుగో అంతస్తులో మోకాళ్ళ ఆపరేషన్ అయిన పెద్దమ్మ ఉంటుంది. ఆమెను డ్రెస్సింగ్‌కు హాస్పిటల్‌కు తీసుకెళ్ళడానికి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి ముందు ఆమె కొడుకు, వెనక వాచ్‌మన్ పట్టుకుని దించుతుంటే నేను మూడో అంతస్తు మెట్ల దగ్గర ఎదురుపడ్డాను. ఆమె నన్ను చూసి "బాగున్నవా బిడ్డా, షాపు ఎట్లున్నది" అని అడిగింది. నాకు జవాబు రాలేదు. ఆ రాత్రే కూర్చుని నా బాకీ ఎంతో మొదటిసారి కాగితం మీద లెక్క వేసుకున్నాను.

ఒక్కో నెల గడిచేకొద్దీ ఏమవుతుంది

మొదటి రెండు మూడు నెలలు ఏమీ కాదు. వాట్సాప్ గ్రూపులో ట్రెజరర్ పెట్టే లిస్టులో మీ ఫ్లాట్ నంబర్ ఎదురుగా ఖాళీ ఉంటుంది. వాచ్‌మన్ "సార్, రసీదు బుక్ తెమ్మంటరా" అని అడుగుతాడు. చాలామంది ఇక్కడే పెద్ద తప్పు చేస్తారు, గ్రూపును మ్యూట్ చేసి, ట్రెజరర్ కనిపిస్తే వేరే వైపు నుంచి వెళ్ళిపోతారు. నేనూ అదే చేశాను. ఆరు నెలలు అట్ల గడిచాక, ఇక మాట్లాడటానికి మొహం చెల్లదు.

తర్వాత ఆలస్య రుసుము మొదలవుతుంది. ఇది అసోసియేషన్ బైలాలో, అంటే సంఘం నియమావళిలో ఉండాలి, లేదా సర్వసభ్య సమావేశంలో తీర్మానం చేసి మినిట్స్ బుక్కులో రాసి ఉండాలి. ప్రెసిడెంట్ గారికి కోపం వచ్చి గ్రూపులో "వచ్చే నెల నుంచి వెయ్యి ఫైన్" అని మెసేజ్ పెడితే అది ఫైన్ అవదు. మన దగ్గర ఎక్కువ అసోసియేషన్లు నెలకు నూటికి రెండు రూపాయల మిత్తి (వడ్డీ) పెట్టుకుంటాయి, అంటే ఏడాదికి 24 శాతం. విషయం కోర్టుదాకా వెళ్తే, ఒప్పందంలో రాసుకున్న జరిమానా ఎంత ఉన్నా, న్యాయమైన నష్టపరిహారం వరకే ఇప్పిస్తారు, 1872 కాంట్రాక్ట్ చట్టం 74వ సెక్షన్ చెప్పేది అదే. అలా అని మిత్తి మొత్తం మాఫీ అవుతుందని అనుకోకండి.

ఈ మిత్తి లెక్కలోనే ఎక్కువ తగాదాలు వస్తాయి కాబట్టి నా లెక్క చూపిస్తాను. నెలకు 1,500 చొప్పున పద్నాలుగు నెలలకు అసలు 21,000. అప్పటి కమిటీ నాకు ఇచ్చిన కాగితంలో, 21,000 మీద నెలకు 420 మిత్తి, పద్నాలుగు నెలలకు 5,880 అని వేశారు. ఇది తప్పు. మొదటి నెల పైసలు పదమూడు నెలలు ఆలస్యం, రెండో నెలవి పన్నెండు నెలలు, ఇట్లా తగ్గుకుంటూ వచ్చి చివరి నెలవి ఆలస్యమే కాలేదు. అన్నీ కూడితే 91 నెలలు, ఒక్కో నెలకు 1,500 మీద 30 రూపాయలు, మొత్తం 2,730. సగానికి సగం కంటే తక్కువ. వాళ్ళు మోసం చేద్దామని వేసింది కాదు, తొందరలో అట్ల గుణించారు. కాగితం పెట్టి చూపించగానే ఒప్పుకున్నారు. మీకు బాకీ కాగితం ఇస్తే ముందు ఈ ఒక్కటి సరి చూసుకోండి.

ఇంకొన్ని నెలలు గడిస్తే మీటింగులో మీ మాటకు విలువ పోతుంది. చాలా బైలాల్లో బాకీదారు ఓటు వేయకూడదు, కమిటీకి పోటీ చేయకూడదు అని ఉంటుంది. ఓటు పోతే ఏముంది అనుకోవచ్చు, కానీ మెయింటెనెన్స్ పెంచేది, ఎవరి పార్కింగ్ పక్కన జనరేటర్ పెట్టేది, పైన సెల్ టవర్‌కు ఒప్పుకునేది అక్కడే తేలుతుంది. టెర్రస్ మీద పుట్టినరోజు ఫంక్షన్ చేసుకుంటామంటే బాకీ తీర్చాకే అనవచ్చు.

ఆ తర్వాత రాతపూర్వక నోటీసు, అటు తర్వాత లాయర్ నోటీసు, చివరికి సివిల్ కోర్టులో డబ్బు రికవరీ దావా. సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 కింద రిజిస్టర్ అయిన అసోసియేషన్ అయితే కోర్టుకు వెళ్ళడం తేలిక. రిజిస్టర్ కానిదానికి సంఘం పేరు మీద దావా వేయడం కష్టమే గానీ, అది మీకు ధైర్యం ఇవ్వాల్సిన విషయం కాదు, ఎందుకంటే రిజిస్టర్ చేయించుకోవడం పెద్ద పని కాదు. పదిహేను ఇరవై వేల కోసం కోర్టుకు ఎవరు పోతారులే అనుకుంటాం. మనిషికి పట్టుదల వస్తే పోతారు. డిక్రీ (కోర్టు తీర్పు) వచ్చాక బ్యాంకు ఖాతాను అటాచ్ చేయించవచ్చు, ఫ్లాట్ కిరాయికి ఇచ్చి ఉంటే కిరాయిదారు మీకు ఇచ్చే పైసలను నేరుగా కోర్టులో కట్టమని ఆర్డర్ తెచ్చుకోవచ్చు.

కోర్టు సమన్లు వస్తే మాత్రం ఒక్కరోజు కూడా పక్కన పెట్టకండి. సమన్లు అందిన 30 రోజుల్లో మీ జవాబు దాఖలు చేయాలి, కోర్టు అనుమతిస్తే గరిష్ఠంగా 90 రోజుల వరకు. వెళ్ళకపోతే ఎక్స్‌పార్టీ డిక్రీ, అంటే మీరు లేకుండానే తీర్పు ఇస్తారు, అప్పుడు అసోసియేషన్ చెప్పిన లెక్కే లెక్క. దాన్ని రద్దు చేయించుకోవడానికి మళ్ళీ 30 రోజులే గడువు, సరైన కారణం కూడా చూపించాలి.

మూడేళ్ళు దాటితే బాకీ చెల్లదట కదా అని అడిగేవాళ్ళు ఉన్నారు. 1963 లిమిటేషన్ చట్టం ప్రకారం డబ్బు బాకీకి మామూలుగా మూడేళ్ళ గడువు ఉన్న మాట నిజమే. కానీ ఒక్కో నెల బాకీకి గడువు విడిగా నడుస్తుంది, మధ్యలో మీరు సంతకం పెట్టి బాకీ ఒప్పుకుంటే అక్కడి నుంచి మళ్ళీ మూడేళ్ళు. నా అభిప్రాయం అడిగితే ఈ దారి గురించి ఆలోచించనే వద్దు. ఆ మూడేళ్ళూ మీరు తాగి, స్నానం చేసిన నీళ్ళు పక్కింటివాళ్ళ పైసలతో పైకి ఎక్కినవి. రోజూ అదే లిఫ్ట్‌లో వాళ్ళతోనే దిగాలి.

ఇంకో ప్రమాదం మనం మన చేతులారా తెచ్చుకునేది. నోరు మూయించడానికి రాబోయే తేదీ వేసి చెక్కు ఇవ్వడం. ఖాతాలో డబ్బు లేక అది బౌన్స్ అయితే అప్పటిదాకా సివిల్ తగాదాగా ఉన్నది చెక్ బౌన్స్ కేసు అవుతుంది. బ్యాంకు నుంచి మెమో అందిన 30 రోజుల్లో వాళ్ళు నోటీసు ఇస్తారు, అది మీకు అందాక 15 రోజుల్లో కట్టకపోతే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద కేసు వేయవచ్చు. రెండేళ్ళ వరకు జైలు, లేదా చెక్కు మొత్తానికి రెండింతల వరకు జరిమానా, లేదా రెండూ. ఖాతాలో డబ్బు వస్తుందని ఖాయంగా తెలిస్తే తప్ప చెక్కు ఇవ్వకండి.

సిబిల్ స్కోరు పడిపోతుందేమో అని భయపడేవాళ్ళకు, మెయింటెనెన్స్ బాకీ సిబిల్‌కు వెళ్ళదు. అసోసియేషన్ అనేది అప్పులిచ్చే సంస్థ కాదు.

వాళ్ళు చేయకూడనివి

బాకీ ఉన్నంత మాత్రాన మీరు మనిషి కాకుండా పోరు. మీ ఫ్లాట్ కరెంటు మీటర్ మీకూ కరెంటు పంపిణీ చేసే సంస్థ సదరన్ డిస్కమ్‌కూ మధ్య విషయం. 2003 విద్యుత్ చట్టం 56వ సెక్షన్ ప్రకారం కరెంటు తీసే అధికారం డిస్కమ్‌కు ఉంది, అదీ కరెంటు బిల్లు బాకీకి, 15 రోజుల ముందు రాతపూర్వక నోటీసు ఇచ్చాకే. మెయింటెనెన్స్ కట్టలేదని వాచ్‌మన్‌ను పంపి మీ ఫ్యూజు పీకించే హక్కు ఏ ప్రెసిడెంట్‌కూ లేదు. కామన్ మీటర్ బిల్లు కట్టకపోతే మాత్రం డిస్కమ్ దాన్ని తీసేయవచ్చు, అప్పుడు బోరు మోటరు, లిఫ్ట్, మెట్ల లైట్లు అందరికీ ఆగుతాయి.

నీళ్ళ వాల్వు కట్టేయడం చాలా చోట్ల చేస్తున్నారు. ఇది తప్పు, కోర్టులో నిలిచే పని కాదు. ఫ్లోరైడ్ నీళ్ళతో నడుములు వంగిపోయిన మనుషులను చూసిన జిల్లా మనది. నీళ్ళ విలువ మనకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. ఇంట్లో చిన్నపిల్లలు, ముసలివాళ్ళు ఉండగా నీళ్ళు బంద్ పెట్టడం ఎంత బాకీకైనా శిక్ష కాకూడదు. మీకు అట్ల జరిగితే అరవకండి, వాల్వు ఫోటో తీయండి, తేదీ, టైము రాసుకోండి, కమిటీకి రాతపూర్వకంగా ఇవ్వండి, వినకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్ళండి.

ఫ్లాట్‌కు తాళం వేయడం, గేటు దగ్గర ఆపడం, కిరాయిదారు సామాను దించుకోనివ్వకపోవడం, మీరు డాక్యుమెంట్‌లో కొనుక్కున్న పార్కింగ్‌లో వేరే బండి పెట్టించడం, ఇవేవీ చేయకూడదు. బాకీల లిస్టు మీటింగులో చదవడం, సభ్యులకు లెక్క చూపించడం సబబే. మీ ఫోటో పెట్టి "దొంగ" అని గ్రూపులో రాయడం పరువు నష్టం కిందికి వస్తుంది. అటువైపు కమిటీవాళ్ళు కూడా ఒకటి తెలుసుకోవాలి, టూ టౌన్ స్టేషన్‌కు పోయి పైసలు ఇప్పించమంటే పోలీసులు ఇది సివిల్ మ్యాటర్ అని తిప్పి పంపుతారు.

ఎలా బయటపడాలి

మొదట ట్రెజరర్‌ను పక్కకు పిలిచి మాట్లాడండి. గ్రూపులో కాదు, మెట్ల మీద నిలబడి కాదు, వాళ్ళ ఇంటికి వెళ్ళి కూర్చుని. "అన్నా, నాకు ఇట్ల ఇబ్బంది ఉంది, ఎగ్గొట్టాలని కాదు, నా లెక్క ఒకసారి తీయవా" అంటే చాలు. నేను వెళ్ళినప్పుడు మా ట్రెజరర్ ఒక నిమిషం ఏమీ అనలేదు, తర్వాత "ఈ మాట ఎప్పుడో చెప్తే అయిపోవు గదా అన్నా, మేం నీ మీద ఏమేమో అనుకున్నం" అన్నాడు. ట్రెజరర్‌గా నా అనుభవం కూడా ఇదే, ఇబ్బంది చెప్పుకున్నవాళ్ళ మీద నాకు ఒక్కరోజు కోపం రాలేదు, ఫోన్ ఎత్తనివాళ్ళ మీదే వచ్చింది.

నెలవారీ లెక్క కాగితం మీద తీసుకోండి. ఏ నెల ఎంత, ఏ తేదీన ఎంత కట్టారు, మిత్తి ఎంత, పెయింటింగ్‌కో మోటరుకో వేసిన ప్రత్యేక చందా ఏమైనా ఉందా. మీ ఫోన్‌పే హిస్టరీ, పాత రసీదులు పక్కన పెట్టుకుని కలపండి. వాచ్‌మన్ చేతికి నగదు ఇచ్చిన నెలలు లెక్కలో ఎక్కకపోవడం మామూలు. మా దగ్గర ఒకరికి మూడు నెలలు అట్ల బయటపడ్డాయి, వాచ్‌మన్ తినలేదు, బ్లీచింగ్‌కు వాడి చెప్పడం మరిచాడు.

తర్వాత లెటర్ రాయండి. నోటిమాట కమిటీ మారగానే పోతుంది. నేను ఇచ్చింది దాదాపు ఇట్లా ఉంది:

"అధ్యక్షులు, కార్యదర్శి గార్లకు. నేను ఫ్లాట్ నంబర్ 302 యజమానిని. పద్నాలుగు నెలల మెయింటెనెన్స్ 21,000 రూపాయలు నేను కట్టాల్సి ఉంది. ఈ రోజు 9,000 రూపాయలు కట్టాను. మిగిలిన 12,000 రూపాయలను వచ్చే నెల నుంచి ప్రతి నెలా 10వ తేదీలోపు, ఆ నెల మెయింటెనెన్స్ 1,500తో పాటు మరో 1,500 చొప్పున, ఎనిమిది నెలల్లో తీరుస్తాను. వ్యాపారంలో నష్టం వల్ల ఆలస్యమైనందున మిత్తి 2,730 రూపాయలను తగ్గించే విషయం వచ్చే సర్వసభ్య సమావేశంలో పెట్టాలని కోరుతున్నాను. ఈ వాయిదాలు సక్రమంగా కడుతున్నంత కాలం తదుపరి చర్యలు తీసుకోవద్దని మనవి."

రెండు కాపీలు తీసి, ఒకదాని మీద కార్యదర్శి సంతకం, తేదీ వేయించుకుని మీ దగ్గర పెట్టుకోండి. లెటర్‌లో ఒప్పుకున్న మొత్తం మీరు నిజంగా ఒప్పుకునే మొత్తమే అయి ఉండాలి, తగాదా ఉన్న అంకె మీద సంతకం పెట్టకండి. వాయిదా కూడా కట్టగలిగినంతే రాయండి. నెలకు ఐదు వేలు అని గొప్పగా రాసి రెండో నెల తప్పితే, రాయకపోవడమే నయం. మొదట ఎంతో కొంత ఒక్కసారిగా కట్టడం మాత్రం చాలా పనిచేస్తుంది. ఆ 9,000 నేను చిట్టీ ఎత్తి కట్టాను. రెండు రూపాయల మిత్తికి బయట అప్పు తెచ్చి కట్టకండి, అక్కడా ఇక్కడా అదే మిత్తి అయినప్పుడు అసోసియేషన్‌కు వాయిదాల్లో కట్టుకోవడమే మేలు, వాళ్ళు తగ్గించే అవకాశమైనా ఉంటుంది.

కట్టేటప్పుడు ఏ నెలకు కడుతున్నారో ప్రతిసారీ రాయండి, ఫోన్‌పే అయితే మెసేజ్‌లో "మార్చి నెల మెయింటెనెన్స్, ఫ్లాట్ 302" అని. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, కాంట్రాక్ట్ చట్టం 59వ సెక్షన్ ప్రకారం ఏ బాకీ కింద కడుతున్నాడో చెప్పే హక్కు కట్టేవాడిది, చెప్పి కట్టిన డబ్బును తీసుకుంటే దాని కిందే జమ చేయాలి. చెప్పకపోతే తీసుకున్నవాడు తనకు తోచిన బాకీ కింద వేసుకోవచ్చు. మీరు నెల మెయింటెనెన్స్ అనుకుని కట్టింది వాళ్ళు పాత ఫైన్‌లో వేసుకుంటే ఈ నెల మళ్ళీ బాకీగానే కనిపిస్తుంది.

మిత్తి తగ్గింపు ప్రెసిడెంట్ ఒక్కడు నోటితో చెప్తే చాలదు, సమావేశంలో తీర్మానమై మినిట్స్‌లో ఎక్కాలి. నాకు సగం తగ్గించారు, 1,365 కట్టాను. పూర్తిగా తీసేయమని నేను పట్టుబట్టలేదు, టైముకు కట్టిన తొమ్మిది ఫ్లాట్లవాళ్ళకు అది న్యాయం కాదు.

లెక్కల మీద నమ్మకం లేక కట్టడం ఆపేసినవాళ్ళది వేరే కథ. "లెక్క చూపించేదాకా కట్టను" అనడం వినడానికి సరైనదిగానే ఉంటుంది, నేను ట్రెజరర్‌గా ఉన్నప్పుడు ఒక సార్ నాతో అదే అన్నారు, ఆయన అడిగింది న్యాయమే కూడా, అంతకుముందు రెండేళ్ళ లెక్కలు ఎవరూ సరిగ్గా రాయలేదు. కానీ కట్టడం ఆపితే మీరు ప్రశ్నించే సభ్యుడి నుంచి బాకీదారుగా మారిపోతారు, ఇక మీ ప్రశ్నను ఎవరూ వినరు. "నిరసనతో కడుతున్నాను" అని రాసి కట్టండి, అదే రోజు లెక్కలు అడుగుతూ లెటర్ ఇవ్వండి. ఏటా సర్వసభ్య సమావేశం జరపడం, లెక్కలు పెట్టడం రిజిస్టర్ అయిన సొసైటీ బాధ్యత. వినకపోతే 2001 చట్టం 23వ సెక్షన్ కింద సభ్యుడు మధ్యవర్తిత్వానికి గానీ జిల్లా కోర్టుకు గానీ వెళ్ళవచ్చు.

అంతదూరం వెళ్ళేముందు లోక్ అదాలత్ ఉంది, రెండు వైపులవాళ్ళకూ నేను గట్టిగా చెప్పేది ఇదే. జిల్లా కోర్టు ఆవరణలోనే న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది. కేసు వేయకముందే అక్కడ అర్జీ పెట్టుకోవచ్చు, కోర్టు ఫీజు ఉండదు, రాజీ కుదిరితే ఆ అవార్డు కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయం ఎంత ఉన్నా ఉచితంగా లాయర్‌ను ఇస్తారు. 15100 నంబర్‌కు ఫోన్ చేస్తే దారి చెప్తారు.

ఫ్లాట్ ఒకచోట, మనిషి ఇంకోచోట ఉంటే

మన జిల్లాల్లో ఫ్లాట్ కొని హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉండేవాళ్ళు చాలామంది. మా బావమరిదికి మహబూబ్‌నగర్‌లో ఫ్లాట్ ఉంది, తను ఉండేది ఉప్పల్‌లో. కిరాయి అగ్రిమెంట్‌లో మెయింటెనెన్స్ కిరాయిదారే కట్టాలని రాసుకున్నారు. కిరాయి టైముకు పడుతుంది కదా అని తను ఎప్పుడూ అడగలేదు. కూతురి పెళ్ళికి ఫ్లాట్ అమ్ముదామని పెడితే, చూడటానికి వచ్చినాయన వాచ్‌మన్‌తో మాట్లాడుతుంటే బయటపడింది, నెలకు 1,200 చొప్పున 31 నెలలు, 37,200 బాకీ. కిరాయిదారు అప్పటికే ఖాళీ చేసి అడ్వాన్సు తీసుకుని వెళ్ళిపోయాడు. కొనేవాళ్ళు బాకీ లేదని లెటర్ తెస్తేనే మిగతా పైసలు అన్నారు, వాళ్ళకు లోన్ ఇచ్చే బ్యాంకు కూడా అడిగింది. బావమరిది మొత్తం తనే కట్టాడు.

కిరాయిదారుతో ఏం రాసుకున్నా అసోసియేషన్‌కు జవాబుదారీ యజమానే. కాబట్టి మెయింటెనెన్స్‌ను కిరాయిలో కలిపి తీసుకుని మీరే నేరుగా కట్టండి, లేదా నెలనెలా రసీదు ఫోటో పంపమనండి. ఖాళీ చేసేటప్పుడు ట్రెజరర్‌ను అడగకుండా అడ్వాన్సు వాపస్ ఇవ్వకండి. ఫ్లాట్ తాళం వేసి ఉంది, మేము నీళ్ళు వాడట్లేదు, గ్రౌండ్ ఫ్లోర్ వాళ్ళం లిఫ్ట్ ఎక్కం, ఈ మాటలు కూడా నిలవవు. కామన్ ఏరియాలో మీకు వాటా ఉంది, ఆ వాటాతోపాటే ఖర్చూ వస్తుంది. సర్వసభ్య సమావేశం ఒప్పుకుంటే ఖాళీ ఫ్లాట్లకు కొంత తగ్గించవచ్చు, అది వాళ్ళ మంచితనం.

కొనేవాళ్ళు ఈసీ (రిజిస్ట్రేషన్ ఆఫీసు ఇచ్చే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) చూసి నిశ్చింతగా ఉండకండి. రిజిస్టర్ అయిన లావాదేవీలే ఈసీలో ఉంటాయి, మెయింటెనెన్స్ బాకీ మామూలుగా అందులో కనిపించదు. అడ్వాన్సు ఇచ్చేముందే అసోసియేషన్ దగ్గరకు వెళ్ళి అడగండి. బిల్డర్ దగ్గర కొత్త ఫ్లాట్ కొనేవాళ్ళయితే, ముందే వసూలు చేసిన మెయింటెనెన్స్ ఎన్ని నెలలకు, కార్పస్ ఫండ్ (ముందు ముందు పెద్ద ఖర్చులకు దాచే నిధి) ఎంత, అది అసోసియేషన్ ఖాతాలోకి ఎప్పుడు వస్తుంది అనేవి అగ్రిమెంట్‌లో రాయించుకోండి. 2016 రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం 19వ సెక్షన్ ప్రకారం మెయింటెనెన్స్ టైముకు కట్టడం, అసోసియేషన్ ఏర్పాటులో పాలుపంచుకోవడం కొన్నవాళ్ళ బాధ్యత కూడా.

కమిటీలో ఉన్నవాళ్ళకు ఒక్క మాట. మూడో నెలలోనే ఇంటికి వెళ్ళి అడగండి, పన్నెండో నెల దాకా ఆగి కోపంతో వెళ్ళకండి. ఎవరి ఇంట్లో ఏం జరుగుతుందో గ్రూపు మెసేజ్‌లో తెలియదు. నా దగ్గరికి మూడో నెలలో ఎవరైనా వచ్చి ఉంటే పద్నాలుగు దాకా పోయేది కాదని ఇప్పటికీ అనుకుంటాను.

బాకీ మొత్తం తీరిన రోజు ఊరికే రసీదుతో సరిపెట్టుకోకండి. అసోసియేషన్ లెటర్‌హెడ్ మీద, ఫలానా నెల వరకు ఫ్లాట్ నంబర్ ఫలానాకు ఎలాంటి బకాయి లేదు అని, సీలు వేసి, అధ్యక్షుడు, కోశాధికారి ఇద్దరి సంతకాలతో తీసుకోండి. మినిట్స్‌లో మీ మిత్తి తగ్గించిన పేజీని కూడా జిరాక్స్ తీయించి దాంతో పిన్ చేసి, ఫ్లాట్ డాక్యుమెంట్లు పెట్టుకునే కవర్‌లోనే పెట్టండి.